మైనస్ నలభైలో సొంత కట్టెలు, సొంత దుంపలు

"అలాస్కాలో గవర్నమెంటు భూమి ఊరికే ఇస్తుందటగా, మాకూ ఓ పదెకరాలు చూసిపెట్టండి" అని నెలకో ఫోన్ వస్తుంది నాకు. ఇవ్వదు. ఒకప్పుడు ఇచ్చింది. లింకన్ సంతకం పెట్టిన 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ఇల్లు కట్టుకుని, సాగు చేసుకుంటూ ఐదేళ్లు అక్కడే ఉంటే 160 ఎకరాల దాకా పట్టా చేతికొచ్చేది. 1976లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. అలాస్కాకు మాత్రం పదేళ్లు గడువిచ్చి 1986లో ఇక్కడా ఆపేశారు. ఆ చట్టం కింద చివరి పట్టా స్టోనీ నది ఒడ్డున 80 ఎకరాలకు కెన్ డియర్‌డార్ఫ్ అనే ఆయనకు 1988లో అందింది. ఇప్పుడైతే డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. ఎవరి దగ్గరైనా కొనాలి, లేదా రాష్ట్ర సహజ వనరుల శాఖ (ఇక్కడందరూ డీఎన్‌ఆర్ అంటారు) అమ్మకానికి పెట్టినప్పుడు వేలంలో పాడుకోవాలి.

ఫెయిర్‌బ్యాంక్స్‌కి అరగంట దూరంలో ఐదెకరాలు కొన్నాక మాకిది తొమ్మిదో చలికాలం. అన్నీ మేమే పండించుకుంటున్నాం అని గొప్పలు చెప్పను. మా ఆవిడ ఊళ్లో ఉద్యోగం చేస్తుంది, నేను సగం రోజు కంప్యూటర్ ముందే ఉంటాను, బియ్యం, పిండి, నూనె కొంటాం. కట్టెలు, బంగాళాదుంపలు, క్యాబేజీ, క్యారెట్, గుడ్లు, చేపలు మాత్రం మావే. ఈ మాత్రానికి రావడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. అందులో రెండేళ్లు మేం చేసిన తప్పులు దిద్దుకోవడానికే పోయాయి. ఆ రెండేళ్లు మీకు మిగులుతాయేమోనని ఇది రాస్తున్నాను.

చువ్వ దింపి చూడందే స్థలం కొనకండి

మేం ముందు మోజుపడ్డ స్థలం వేరు. దారి పక్కనే, చదునుగా, ధర కూడా తక్కువ. సన్నగా, వంకరటింకరగా బ్లాక్ స్ప్రూస్ చెట్లు, కింద పరుపులా మెత్తటి నాచు. ఆ దారిలోనే ఉండే ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి బండి ఆపింది. ఏమీ మాట్లాడకుండా వెనక నుంచి నాలుగడుగుల ఇనప చువ్వ తీసి నా చేతిలో పెట్టింది. "దింపు" అంది. ఆగస్టు నెలాఖరు. నాచులోకి వెన్నలోకి దిగినట్టు దిగింది. రెండడుగులు దిగాక టక్ మంది. సిమెంటు గచ్చు మీద కొట్టినట్టు చేతులు జిల్లుమన్నాయి. ఇంకో పదడుగులు జరిగి మళ్లీ గుచ్చాను. మళ్లీ టక్.

అదే పర్మాఫ్రాస్ట్, అంటే ఏడాది పొడవునా కరగని గడ్డ నేల. దాని మీద ఇల్లు కడితే ఇంటి వేడికి కింద మంచు కరిగి ఇల్లు ఓ మూలకి కుంగుతుంది. నాచు గీకేసి తోట వేద్దామన్నా అంతే. ఆ నాచే దానికి దుప్పటి, అది తీసేస్తే ఎండ తగిలి నేల గుంటలు పడుతుంది. ఇలాంటి చోట ఇళ్లను స్తంభాల మీద నిలబెట్టి, కింద జాకీలు పెట్టి, ఏటా లెవెల్ చూసుకుంటూ తిప్పుకునేవాళ్లున్నారు. ఆ ఓపిక మాకు లేదు.

కాబట్టి ముందు చెట్లు చూడండి. బ్లాక్ స్ప్రూస్ గుంపుగా ఉంటే అనుమానించండి. బర్చ్, ఆస్పెన్, ఏపుగా పెరిగిన వైట్ స్ప్రూస్ ఉంటే నేల బాగుండే అవకాశం ఎక్కువ. దక్షిణం వైపు దిగే వాలు దొరికితే ధర కాస్త ఎక్కువైనా వదలొద్దు. లోయల్లో చల్లగాలి నీళ్లలా వచ్చి మడుగు కడుతుంది. చలికాలం మా మెట్ట మీదకీ కింద లోయకీ ఇరవై డిగ్రీల తేడా ఉన్న రోజులు చూశాను. చువ్వ మాత్రం ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో దింపండి. కరగాల్సింది అప్పటికి కరిగి ఉంటుంది. మే నెలలో దింపితే మంచి నేల కూడా గడ్డకట్టే ఉంటుంది కనక ఏమీ తెలియదు.

తర్వాత కాగితాలు. మ్యాప్‌లో దారి గీత ఉందంటే నేల మీద దారి ఉందని కాదు. చట్టప్రకారం మీకు దారి హక్కు ఉండొచ్చు, అక్కడ మాత్రం మోకాలి లోతు బురద ఉండొచ్చు. సెక్షన్ లైన్ ఈజ్‌మెంట్ అని ఇంకోటుంది. సర్వే గీతల వెంట జనం రాకపోకలకు వదిలిన పట్టీ అది. మీరు తోట అనుకున్న చోటే అది పోతూ ఉండొచ్చు. రాష్ట్రం అమ్మిన భూమిలో కింది ఖనిజాల హక్కు రాష్ట్రమే అట్టిపెట్టుకుంటుంది. పై నేల మాత్రమే మీది. నీరు నిలిచే చిత్తడి నేలైతే మట్టి పోసి పూడ్చేముందు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌ని (చిత్తడి నేలల పర్మిట్లు చూసే ఫెడరల్ సంస్థ) అడగండి. పూడ్చాక అడిగితే కష్టం.

ఇక ఇల్లు. మా బరోలో (మన జిల్లా లాంటిది) ఫెయిర్‌బ్యాంక్స్, నార్త్ పోల్ (ధ్రువం కాదు, పక్క ఊరి పేరు) పట్టణ సరిహద్దులు దాటితే బిల్డింగ్ కోడ్ లేదు. జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చనే రూలు, మాత్రం చూసుకోవాలి. ఇది విని సంబరపడి గోడలు పల్చగా కట్టినవాళ్లకి జనవరిలో తెలిసొస్తుంది. బ్యాంకు లోను కావాలన్నా, రేపు అమ్మాలన్నా తనిఖీ కాగితాలు అడుగుతారు. అందుకని కోడ్ ఉందనుకునే కట్టుకోండి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రాష్ట్ర చట్టం ప్రకారం ఉండి తీరాలి. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో చట్టం చెప్పకపోయినా పెట్టుకోవాలి.

నీళ్లు, దొడ్డి

ఇక్కడ సగంమంది కొత్తవాళ్లు మొదట ఉండేది 'డ్రై క్యాబిన్'లోనే. కుళాయి ఉండదు. ఊళ్లో నీళ్లు పట్టే స్టేషన్ నుంచి ఐదు గ్యాలన్ల క్యాన్లలో మోసుకోవాలి. ఒక్కో క్యాను 40 పౌండ్ల పైమాటే. మేం ఇద్దరం వారానికి యాభై గ్యాలన్లతో నెట్టుకొచ్చేవాళ్లం. ఇంట్లో ఎవరు ఎంత నీళ్లు పారబోస్తారో అప్పుడే తెలుస్తుంది.

బోరు వేయించే ముందు చుట్టుపక్కల బోర్ల లోతు కనుక్కోండి. మెట్టల మీద వందల అడుగులు పోవాల్సి రావచ్చు. నీళ్లు పడ్డాక తాగే ముందు ఆర్సెనిక్ పరీక్ష చేయించండి. ఫెయిర్‌బ్యాంక్స్ చుట్టూ కొండరాళ్లలోనే అది సహజంగా ఉంది. రంగుండదు, రుచుండదు. పబ్లిక్ సరఫరాకు ఫెడరల్ పరిమితి వంద కోట్లలో పది వంతులు. సొంత బోరును మాత్రం ఎవరూ వచ్చి చెక్ చేయరు, మీరే చేయించుకోవాలి. మా బోరులో ఇనుము ఎక్కువ, ఆర్సెనిక్ కొద్దిగా ఉంది. తాగే నీళ్లకి ఫిల్టర్ పెట్టాం, మిగతావన్నీ అలాగే వాడతాం. నీటి హక్కు కాగితం ఇంటి వాడకానికి తప్పనిసరి కాదు. రోజుకి 500 గ్యాలన్ల పైన ఏడాదిలో పది రోజులకు మించి తోడుతుంటే మాత్రం డీఎన్‌ఆర్‌కి అర్జీ పెట్టుకోవాలి.

ఆరుబయట మరుగుదొడ్డి తవ్వుకుంటే అది బావికీ, వాగుకీ వందడుగుల దూరంలో ఉండాలి. సీటు చెక్కతో చేయొద్దు. నీలం రంగు ఫోమ్ షీటు కోసి పెట్టుకోండి. మైనస్ నలభైలో కూడా అది చల్లగా తగలదు. ఇదేం పిచ్చి అనుకున్నా మొదట. ఇప్పుడు ఎవరింటికెళ్లినా ముందు సీటు చూస్తాను. జనవరికల్లా గోతిలో గడ్డకట్టి స్తంభంలా పైకి లేస్తుంది. దాన్ని పడగొట్టడానికి ఒక గడకర్ర విడిగా ఉంచుకోవాలి. ఇంతకన్నా వివరం వద్దులెండి.

కట్టెలు

మిగతావాటిలో తప్పు చేస్తే డబ్బు పోతుంది. కట్టెల్లో తప్పు చేస్తే ఇల్లు పోతుంది.

మొదటి ఏడాది సెప్టెంబరులో కట్టెలు కొన్నాం. అమ్మినాయన "బాగా ఎండినవే" అన్నాడు. పొయ్యిలో పెడితే కట్టె కొసల నుంచి నీళ్లు బుడగలు బుడగలుగా వచ్చి సుయ్ మని శబ్దం. పొయ్యి అద్దం రెండు రోజులకే నల్లబడేది. ఎన్ని కట్టెలేసినా గది వేడెక్కదు. మంట బలమంతా కట్టెలోని నీళ్లు మరగబెట్టడానికే సరిపోతుంది మరి. ఆ చల్లారిన పొగ గొట్టం లోపల తారులా పేరుకుంటుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. జనవరిలో ఒక రాత్రి గొట్టం విమానం ఇంజనులా గర్జించడం మొదలుపెట్టింది. నేను గాలి కంత మూసేసి, ఫోన్ పట్టుకుని, ఇద్దరం బయట మంచులో నిలబడ్డాం. మైనస్ ముప్పై ఎనిమిది. పైన చిమ్నీ నోట్లోంచి నిప్పురవ్వలు చిమ్ముతున్నాయి. "కాలిపోనీండి, మళ్లీ కట్టుకుందాం, మీరు మాత్రం లోపలికెళ్లకండి" అని నా చొక్కా పట్టుకుంది మా ఆవిడ. దానంతటదే ఆరింది. మా అదృష్టం, అంతే.

కట్టెలు కొట్టాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. చీల్చి, నేలకి తగలకుండా పలకల మీద పేర్చి, పైన మాత్రమే కప్పు వేసి, పక్కలు గాలికి వదిలేస్తే ఒక్క వేసవిలో ఎండుతాయి. ఆగస్టు తర్వాత కొట్టినవి చలికాలమంతా పెట్టినా ఎండవు, గడ్డకడతాయంతే. బర్చ్ మొద్దులు చీల్చకుండా వదిలేయకండి. ఆ బెరడులోంచి చెమ్మ బయటికి రాదు, లోపల పుచ్చిపోతాయి. తేమ మీటరు తప్పకుండా కొనుక్కోండి. కట్టె పైపైన గుచ్చి చూసుకుని మోసపోవద్దు. ఒక ముక్క ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాక నడిమికి చీల్చి, ఆ కొత్త ముఖం మీద గుచ్చాలి. 20 శాతం లోపు ఉంటే పొయ్యిలోకి, లేకపోతే మళ్లీ దొంతరలోకి.

కట్టెలు కార్డు లెక్కన అమ్ముతారు. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. పికప్ ట్రక్కులో చిందరవందరగా పోసి "కార్డు" అంటే ఒప్పుకోకండి, పేర్చి కొలవండి. కార్డు బర్చ్ ఇచ్చే వేడికి ఒకటింబావు కార్డు పైనే స్ప్రూస్ కావాలి. మా చిన్న ఇంటికి ఏడాదికి ఏడు కార్డులు పడతాయి. నేను ఎప్పుడూ పద్నాలుగు ఉంచుతాను, ఈ ఏడాదివి, వచ్చే ఏడాదివి. సొంతంగా నరుక్కోవాలంటే రాష్ట్ర అటవీ విభాగం సొంత వాడకానికి పర్మిట్ ఇస్తుంది, వాళ్లు చూపించిన చోటే నరకాలి.

రూల్స్ గట్టిగా తగిలేది కూడా ఇక్కడే. చలికాలం ఫెయిర్‌బ్యాంక్స్ మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, కింద పొగ ఎటూ పోదు. అందుకే పట్టణమూ నార్త్ పోలూ ఉన్న ప్రాంతాన్ని 2009లో సన్నటి ధూళి కాలుష్యం పరిమితి దాటిన ప్రాంతంగా ప్రకటించారు. ఆ గీత లోపల ఉంటే ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) సర్టిఫికెట్ లేని పాత పొయ్యి పనికిరాదు. ఇల్లు చేతులు మారేటప్పుడు దాన్ని తీసేయాల్సిందే. 2020 మే నుంచి దేశమంతటా కొత్తగా అమ్మే పొయ్యిలు గంటకి 2 గ్రాముల పొగ దాటకూడదు. మామూలుగా చీల్చిన కట్టెలతో పరీక్షించినవైతే రెండున్నర. గాలి బాగోలేని రోజు రాష్ట్ర పర్యావరణ శాఖ హెచ్చరిక ఇస్తే పొయ్యి ఆపేయాలి, మినహాయింపు కాగితం ఉంటే తప్ప. సరిగ్గా అలాంటి రోజే మైనస్ ముప్పై ఉంటుంది! అందుకని నూనెతో నడిచే రెండో హీటరు పెట్టుకోండి. నూనె ఒకటో నంబరుదే పోయించండి. రెండో నంబరుది బయటి ట్యాంకులో చలికి జావలా చిక్కబడి పైపులో ఆగిపోతుంది. మా స్థలం గీతకి లోపల ఉందా బయట ఉందా అన్నది కొన్న రెండు నెలలకి గానీ మేం చూసుకోలేదు. లోపలే ఉంది. మీరు కొనకముందే మ్యాప్ చూసుకోండి.

తోట

పంట కాలం వంద రోజులు కూడా ఉంటుందని నమ్మకం లేదు. జూన్ ఒకటికి ముందు నారు బయట పెట్టొద్దు, ఆగస్టు చివరికల్లా మంచు పడొచ్చని సిద్ధంగా ఉండాలి. కానీ జూన్‌లో 21 గంటల పైన వెలుగుంటుంది. ఆ వెలుగుకి క్యాబేజీ పిచ్చిగా పెరుగుతుంది. పామర్‌లో జరిగే రాష్ట్ర సంతలో 2012లో 138 పౌండ్ల క్యాబేజీ తూచారు. పాలకూర మాత్రం ఆ వెలుగుకి కంగారుపడి వారాల్లో పూతకొచ్చేస్తుంది. రెండేళ్లు వేసి మానేశాను.

కొరత ఎండది కాదు, నేల వేడిది. ఎత్తు మళ్లు కట్టి, పైన ప్లాస్టిక్ షీటు పరిచి, దానికి కన్నాలు చేసి నాటండి. బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ, కేల్, బఠాణీ నమ్మకమైనవి. టమాటా గ్రీన్‌హౌస్ లేకపోతే వద్దు. రకాల గురించి అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (రైతులకి సలహాలిచ్చే విభాగం) వాళ్ల కరపత్రాలు చూడండి. విత్తనాల ప్యాకెట్ వెనక రాసింది వేరే లోకం సంగతి. చుట్టూ ఎనిమిదడుగుల కంచె కావాలి. నాలుగడుగుల కంచెని మూస్ జింక పీటలా దాటుతుంది. మా మొదటి క్యాబేజీ మడిని ఒక తల్లీ పిల్లా ఒక్క రాత్రిలో ఖాళీ చేశాయి. మీ తోట తినేసిందని దాన్ని కాల్చకూడదు, సరదాకి మేత పెట్టినా నేరమే.

దుంపలకి నేలమాళిగ తవ్వాం. నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకట్లో, కాస్త గాలాడేలా ఉంటే మే నెల దాకా నిలుస్తాయి. క్యారెట్‌ని తడి ఇసుకలో పూడ్చండి.

చేప, మాంసం, కోళ్లు

పన్నెండు నెలలు ఇక్కడ ఉంటేనే రెసిడెంట్. అప్పటిదాకా కాపర్ నదిలో చిటీనా దగ్గర వలగరిటెతో సాల్మన్ పట్టడానికి వీల్లేదు. తర్వాత ఇంటి యజమానికి 25, మిగతా ఒక్కొక్కరికి 10. పట్టిన చేప తోక రెండు కొసలూ కత్తిరించి, అక్కడికక్కడే పర్మిట్ మీద రాయాలి. ఇంటికెళ్లి రాద్దాంలే అంటే కుదరదు. ఆ చేప అమ్మకూడదు. నది మంచునీళ్లు, బూడిదరంగు, పడితే తేలరు. నడుముకి తాడు కట్టుకుని నిలబడండి.

'సబ్సిస్టెన్స్' (ఇంటి తిండి కోసం చేసే వేట, చేపల వేట) అనే మాట విని మనకూ వర్తిస్తుందనుకోవద్దు. 1980 నాటి ఫెడరల్ చట్టం గ్రామీణ వాసులకు ముందు హక్కు ఇచ్చింది. అలాంటి ముందు హక్కు తమ రాజ్యాంగం ప్రకారం చెల్లదని అలాస్కా సుప్రీంకోర్టు 1989లో తేల్చింది. అందుకే ఫెడరల్ భూమికి ఒక రూలు, రాష్ట్ర భూమికి ఒక రూలు. ఫెయిర్‌బ్యాంక్స్ వాళ్లం గ్రామీణుల లెక్కలోకి రాం. వేటకెళితే తినదగ్గ మాంసమంతా తెచ్చుకోవాలి, కొమ్ములు ఆఖర్న. మాంసం వదిలేసి వస్తే జైలు దాకా వెళుతుంది. వేట మాంసం అమ్మకూడదు.

వీసా మీద ఉన్నవాళ్లు గుడ్లమ్మినా, తుపాకీ కొన్నా ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. ఇది చిన్న విషయం కాదు.

కోళ్లకి కరెంటు కంచె ఎలుగుబంటి రాకముందే వేయండి. మేతా చెత్తా బయట వదిలేసి, వచ్చిన ఎలుగుని ఆత్మరక్షణ అని కాలిస్తే చెల్లదు. న్యాయంగా కాల్చినా తోలూ పుర్రే రాష్ట్రానికి అప్పగించాలి. డిసెంబరు 21 చుట్టుపక్కల పగలు నాలుగు గంటలు కూడా ఉండదు కాబట్టి గుడ్లు కావాలంటే గూట్లో పద్నాలుగు గంటలు లైటు వెలగాలి. వేడి కోసం హీట్ ల్యాంప్ మాత్రం వేలాడదీయకండి. అది గడ్డి మీద పడి గూళ్లు తగలబడ్డవి చూశాను.

సాల్మన్‌ని సీసాల్లో నిల్వ పెట్టడానికి ప్రెషర్ క్యానర్ (పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది) తప్ప వేరే దారి లేదు. మరిగే నీళ్లలో బాట్యులిజం (ప్రాణం తీసే తిండి విషం) తెచ్చే బ్యాక్టీరియా విత్తులు చావవు. పింట్ సీసాలకు ముల్లు గేజీ మీద 11 పౌండ్ల దగ్గర 100 నిమిషాలు. మధ్యలో ఒత్తిడి తగ్గితే లెక్క మళ్లీ మొదటికే. ఒకసారి 92వ నిమిషంలో ముల్లు పదికి జారింది. మా ఆవిడ నా మొహంలోకి చూసింది, "ఎనిమిది నిమిషాలేగా" అన్నాను. ఏమీ అనకుండా గడియారం సున్నాకి తిప్పింది. ముల్లు గేజీని ఏడాదికోసారి ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి తీసుకెళ్లి సరిచూపించుకోండి.

ఇల్లు కట్టుకోవడానికి బిల్డింగ్ కోడ్ లేకపోయినా ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 దాకా కొమ్మలూ చెత్తా కాల్చాలంటే పర్మిట్ ఉండాలి. ఆ రోజు కాల్చనిస్తారో లేదో కూడా ఫోన్ చేసి కనుక్కోవాలి. సోలార్ మీద ఆశలు నవంబరు నుంచి జనవరి దాకా కట్టిపెట్టండి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కింద చార్జి చేస్తే పాడవుతుంది, ఇంటి లోపలే పెట్టుకోండి.

ఇంకా కొనకపోతే, మొదటి చలికాలం డ్రై క్యాబిన్ ఒకటి అద్దెకి తీసుకోండి. వారం వారం మీరు చూసిపెట్టుకున్న స్థలానికి వెళ్లి థర్మామీటరు చూసి రాసుకోండి. డిసెంబరు 21 మధ్యాహ్నం అక్కడ ఎండ తగులుతుందో లేదో చూడండి. ఏప్రిల్‌లో మంచు ముందు ఏ మూల కరుగుతుందో అక్కడ ఒక మేకు పాతిపెట్టండి. తోట అక్కడే వేయాలి.